బడిలో బొమ్మల పీరియడ్: ఎవరితో చెప్పించాలి, డబ్బు ఎవర్ని అడగాలి

మే నెలాఖరు, రోహిణి కార్తె. కావలి నుంచి ఉదయగిరి పోయే దారిలో ఉన్న ఒక హైస్కూల్లో ఇనప బీరువా తలుపు తీశాం. పై అరలో నలభై డబ్బాల క్రేయాన్లు. ఒక డబ్బా పట్టుకుని లాగితే పక్కనున్న నాలుగు డబ్బాలూ దాంతోపాటే లేచొచ్చాయి. ఎరుపేదో పసుపేదో తెలీకుండా మైనమంతా కరిగి, మళ్లీ గడ్డకట్టి, బెల్లం అచ్చులా తయారైంది. కింది అరలో పోస్టర్ కలర్ సీసాలు ఎండి రాయైపోయాయి. మూలన ఇరవై ఈజిల్ స్టాండ్లు, ప్లాస్టిక్ కవరు కూడా విప్పనివి.

రెండేళ్ల కిందట ఒక పెద్దమనిషి ఒక్క విడతలో ఇచ్చిన సామాను అది. ఇచ్చిన రోజు ఫ్లెక్సీ కట్టారు, శాలువా కప్పారు, ఫొటోలు దిగారు. బొమ్మలు చెప్పే మనిషి మాత్రం అప్పటికే ఆ బళ్లో లేడు.

డ్రాయింగ్ లోయర్, హయ్యర్ రెండు పరీక్షలూ పాసై, వారానికి మూడు రోజులు ఒక సర్కారు బళ్లోనూ ఆదివారాలు కావల్లో ఒక చిన్న హాల్లోనూ పిల్లలకు బొమ్మలు చెప్పుకునేవాణ్ణి నేను. హెడ్మాస్టర్లు, కమిటీ వాళ్లు, ఊరి కుర్రాళ్లు తరచూ ఫోన్ చేసి అడుగుతుంటారు: "సార్, మా బళ్లో డ్రాయింగ్ పెట్టిద్దామనుకుంటున్నాం, ఎవరిదగ్గర ఎంత వసూలు చేయమంటారు?" ప్రశ్న తలకిందులుగా ఉంది. ముందు మనిషి, తర్వాత ఏం చెప్పాలన్నది, ఆ తర్వాత డబ్బు. ఆ డబ్బు కూడా ఒకేసారి వచ్చిపడే లక్ష కాదు, ఏటా జూన్‌లో తప్పకుండా వచ్చే పదో పదిహేనో వేలు. ఉన్న దారులన్నిటినీ నేను ఈ కొలతతోనే చూస్తాను. కొన్నిటి మీద నాకు కోపం కూడా ఉంది, దాచుకోను.

అసలు ఎంత కావాలి

ఆరు, ఏడు తరగతులు కలిపి 60 మంది అనుకుందాం. వారానికి ఒక పీరియడ్, ఏడాదికి 30 వారాలు. మా దగ్గర టోకున కొన్న ధరలు చెబుతున్నా, మీ ఊళ్లో కాస్త అటూ ఇటూ ఉంటాయి.

మందంగా ఉండే ఎ4 డ్రాయింగ్ కాగితాలు 1,800, ఒక్కోటి రూ.2 చొప్పున రూ.3,600. 25 రంగుల ఆయిల్ పేస్టల్స్ ఇద్దరికి ఒక డబ్బా, 30 డబ్బాలు రూ.90 చొప్పున రూ.2,700. దసరాకల్లా తెలుపు, నలుపు, ఆకుపచ్చ అరిగిపోతాయి, అప్పుడు ఇంకో 15 డబ్బాలు, రూ.1,350. పోస్టర్ కలర్లు అర లీటరు సీసాలు ఆరు, రూ.1,200. బ్రష్షులు 30, రూ.750. 2బీ పెన్సిళ్లు 60, రూ.480. చార్టులు, గమ్ము, బొమ్మలు దాచే ఫైళ్లు కలిపి రూ.900. మొత్తం రూ.10,980. తలకు రూ.183.

ఇద్దరికి ఒక డబ్బా అన్నది పిసినారితనం కాదు. పక్కవాడు నీలం వాడుతుంటే తను వేరే రంగుతో పని కానివ్వాల్సి వస్తుంది. ఆ ఇరుకులోంచే ఊదారంగు బర్రెలు, ఎర్ర చెట్లు పుడతాయి. వాటిని చూస్తే నాకు భలే సంతోషం.

మనిషి ఖర్చు వేరే. వారానికి రెండు రోజులు వచ్చే డ్రాయింగ్ మాస్టారుకు నెలకు రూ.5,000 ఇచ్చినా పది నెలలకు రూ.50,000. సామాను కన్నా మనిషి ఖర్చు నాలుగున్నర రెట్లు. దాతలేమో సామాను కొనిస్తామంటారు, మనిషికి జీతమంటే వెనక్కి తగ్గుతారు. జీతానికి ఫొటో ఉండదు కదా.

ఎవరు చెప్పాలి

మొదటి దారి, చట్టం చెప్పినదే. 2009 విద్యా హక్కు చట్టం షెడ్యూల్లో ఒక ముక్క ఉంది: 6 నుంచి 8 తరగతుల్లో వంద మందికి పైన పిల్లలుంటే కళలకు, ఆరోగ్య–వ్యాయామ విద్యకు, పని విద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలి. చాలా కమిటీలకు ఈ సంగతే తెలీదు. మీ బళ్లో అంత సంఖ్య ఉంటే ముందు పాఠశాల కమిటీలో తీర్మానం రాసి, హెచ్ఎం ద్వారా మండల విద్యాశాఖాధికారికి పంపండి. రేపే మనిషి వస్తాడని నేను అనను. కానీ కాగితం పెట్టి అడిగిన బడి వేరు, అడగని బడి వేరు.

రెండోది, ఊళ్లో చందాలేసి మనమే ఒక మాస్టారును పెట్టుకోవడం. మూడేళ్లకు సరిపడా చందా కళ్లముందు కనబడితేనే ఈ పనికి దిగండి. ఒక ఏడాది పెట్టి మరుసటి ఏడాది ఆపేస్తే పిల్లలు తట్టుకుంటారుగానీ, ఆ మాస్టారు వేరే నాలుగు ట్యూషన్లు వదులుకుని వచ్చుంటాడు.

మూడోది నాకు ఎక్కువ నచ్చేది: బళ్లో ఉన్న టీచర్లలోనే ఒకరు పట్టుకోవడం. తెలుగు టీచరో, బయాలజీ మేడమో ఎవరో ఒకరికి చేతిలో కాస్త గీత ఉంటుంది. లేకపోయినా ఫర్వాలేదు. పిల్లల బొమ్మలకు మంచి గీతగాడి కన్నా ఓపికగా చూసేవాడు ఎక్కువ అవసరం. ఇలాంటి టీచర్లకు శిక్షణ ఇవ్వడానికే 1979లో ఢిల్లీలో సీసీఆర్‌టీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ పెట్టారు. హైదరాబాద్‌లో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. బొమ్మలాటలు, హస్తకళలు పాఠాల్లో ఎలా కలపాలో నేర్పుతారు. పోయొచ్చిన టీచరు రిటైరయ్యేదాకా బడులకు పనికొస్తారు, బదిలీ అయితే ఇంకో బడికి ఆ విద్య పోతుంది. నెలనెలా జీతం బరువు లేని దారి ఇది. అప్పుడు చందా డబ్బంతా కాగితాలకూ రంగులకూ పోతుంది.

నాలుగోది, ఊరి పనివాళ్లను పిలవడం. దీని గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో ఉన్న సొమ్ము ఇదే. ఉదయగిరిలో ఆడవాళ్లు చెక్క చెంచాలు, ఫోర్కులు చెక్కుతారు. దుర్గం కొండల్లో దొరికే నర్ది లాంటి కొయ్యను చిన్న ఆకురాళ్లతో అరగదీసి, చెంచా కాడ మీద జాలీ పని చేస్తారు. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఒక పూట వాళ్లను బడికి పిలిస్తే పిల్లల కళ్లు ఎలా విప్పారతాయో చూడాలి. "ఇది మిషన్ మీద కాదా?" అని అందరూ అడిగే మొదటి ప్రశ్న. అయితే ఆకురాయీ ఉలీ ఎనిమిదో తరగతి దాటాకే చేతికివ్వాలి. అంతకన్నా చిన్నవాళ్లు చూడొచ్చు, గీసుకోవచ్చు, సబ్బు బిళ్ల మీద గోరుతోనో ప్లాస్టిక్ చెంచాతోనో చెక్కి చూడొచ్చు.

శ్రీకాళహస్తి మన నెల్లూరుకు ఎంతో దూరం కాదు. కలంకారీ వేసేవాళ్లను ఒక రోజు తెచ్చుకుంటే బొమ్మా, కెమిస్ట్రీ రెండూ ఒకేసారి అయిపోతాయి. ఇనప ముక్కలు, బెల్లం నీళ్లలో నానబెట్టి పులియబెడితే వచ్చే ద్రవం పేరు కసిమి. చూడ్డానికి పలచగా ఉంటుంది. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద ఆ ద్రవంలో ముంచిన కలం పెట్టగానే గీత నల్లబడుతుంది. పాలు పట్టించకపోతే గీత పక్కలకు పాకుతుంది. ఇది చూసిన ఏడో తరగతి పిల్ల ఒకతె ఇంటికెళ్లి, వాళ్లమ్మ తాంబూలం పళ్లెంలోంచి సున్నం తీసి పసుపులో కలిపి, ఎరుపొచ్చిందని మర్నాడు సీసాలో పట్టుకొచ్చింది. అది పారాణి అని వాళ్ల నాయనమ్మకు ఎప్పుడో తెలుసు. ఆ పిల్లకు మాత్రం ఆ రోజు తనే కనిపెట్టినట్టు.

ఇలా పిలిచినప్పుడు కూలి ఎగ్గొట్టొద్దు. "పిల్లల కోసం కదా" అని ఊరికే రమ్మంటారు కొందరు. వాళ్లకు ఆ పూట పని పోతుంది. రోజు కూలీ, బస్సు చార్జీ, భోజనం ముందే మాట్లాడుకోండి. ఏడాదికి మూడు పూటలైతే ఆరేడు వేలు దాటదు.

ఐదోది, వాలంటీర్లు. 2021 సెప్టెంబరులో కేంద్రం విద్యాంజలి పోర్టల్‌ను కొత్తగా మార్చి తెచ్చింది. బడి తనకు కావలసిన సేవలూ వస్తువులూ అందులో పెడితే, ఇష్టమున్నవాళ్లు ముందుకొస్తారు. నగదు తీసుకోరు. హెచ్ఎం లాగిన్ నుంచి పెట్టాలి. నెల్లూరు, ఒంగోలు టౌన్లలో ఉన్న బడులకు ఇది పనికొస్తుంది. మారుమూల మండలాలకు వాలంటీరు ఒక వారం వస్తాడు, రెండో వారం బస్సు దొరకలేదంటాడు.

ఏం చెప్పాలి: పోటీల బొమ్మలా, సొంత బొమ్మలా

ప్రైవేటు బడుల్లో, సమ్మర్ క్యాంపుల్లో ఎక్కువ నడిచేది మొదటి రకం. బోర్డు మీద మాస్టారు రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద నది, పక్కన తాటిచెట్టు గీస్తాడు. నలభై మంది నలభై కొండల జతలు గీస్తారు. తల్లిదండ్రులు మురిసిపోతారు. నేనూ తొలి నాళ్లలో అదే చేశాను, ఫీజులిచ్చేది తల్లిదండ్రులు కాబట్టి. ఒక్క విషయం చెప్పనివ్వండి: మన నెల్లూరు పిల్లవాడు ఏ రోజూ రెండు కొండల మధ్య సూర్యుణ్ణి చూడడు. వాడికి సూర్యుడు మైపాడు వైపు సముద్రంలోంచి లేస్తాడు, వరి చేల మీదుగా వస్తాడు.

ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే కళా అధ్యాపకుడు పిల్లల బొమ్మలు వయసుతోపాటు ఎలా మారతాయో దశలుగా విడదీసి చెప్పాడు. రెండు నుంచి నాలుగేళ్ల దాకా గీతలు, ఆపైన ఏడేళ్ల దాకా గుండ్రటి తలకు నేరుగా కాళ్లు తగిలించడం, ఏడు నుంచి తొమ్మిదేళ్ల దాకా ఇల్లంటే ఇలా, చెట్టంటే ఇలా అని ఒక సొంత గుర్తు. తొమ్మిది దాటాక వాడికి ఉన్నది ఉన్నట్టు రావాలనే పట్టుదల మొదలవుతుంది. చెయ్యేమో సహకరించదు. "నాకు బొమ్మలు రావు సార్" అనే మాట మీరు వినేది సరిగ్గా ఐదు, ఆరు, ఏడు తరగతుల్లో. అక్కడ చెయ్యి పట్టుకునేవాడు లేకపోతే జీవితాంతం ఆ మాటే మిగిలిపోతుంది. అందుకే డబ్బు తక్కువున్న బడికి నా సలహా: ఒకటి నుంచి పది దాకా అందరికీ పంచొద్దు, ఆరు ఏడు తరగతులకే మొత్తం పెట్టండి. చిన్నవాళ్లకు మార్కాపురం పలకా, సుద్దముక్కా చాలు. గీసి, తుడిచి, మళ్లీ గీసే సుఖం కాగితంలో లేదు.

ఒకసారి రొట్టెల పండగ గీయమన్నాను. అందరూ బారాషహీద్ దర్గా, జనం, లైట్లు గీశారు. ఒక పిల్లవాడు కాగితం నిండా నీళ్లు నింపి, నీళ్లలోంచి బయటికి చేతులు మాత్రం గీశాడు. ఒక చెయ్యి ఇస్తోంది, ఒక చెయ్యి తీసుకుంటోంది, మధ్యలో రొట్టె. మనుషులేరిరా అంటే "చెర్లో దిగితే చేతులే కదా సార్ కనపడేది" అన్నాడు. బోర్డు మీద దర్గా గీసిచ్చుంటే ఆ చేతులు వచ్చేవి కావు.

అలాగని పోటీలు వద్దనను. 9 నుంచి 12 తరగతుల వాళ్లకు కేంద్రం 2015 నుంచి నడుపుతున్న కళా ఉత్సవ్ ఉంది. జిల్లా, రాష్ట్రం దాటి జాతీయ స్థాయికి పోవచ్చు. 10 నుంచి 14 ఏళ్ల మధ్య నిజంగా చెయ్యి తిరిగిన పిల్లలుంటే సీసీఆర్‌టీ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టించండి. ఇవి ఒకరిద్దరి కోసం. ఆ ఒకరిద్దరి కోసం మిగతా యాభై ఎనిమిది మందిని ప్రేక్షకులుగా కూర్చోబెట్టకండి.

డబ్బు ఎవర్ని అడగాలి

బడికి సమగ్ర శిక్ష అనే సర్కారు బడుల పథకం కింద వచ్చే కాంపోజిట్ గ్రాంటు ముందు చూసుకోండి. పిల్లల సంఖ్యను బట్టి ఇది మారుతుంది: 31 నుంచి 100 మంది ఉంటే రూ.25,000, 101 నుంచి 250 దాకా రూ.50,000, 251 నుంచి 1,000 దాకా రూ.75,000 కేంద్రం పెట్టిన లెక్క. కరెంటు, మరమ్మతులు, సుద్దముక్కలు, రిజిస్టర్లు అన్నీ ఇందులోనే. కనీసం పదో వంతు పరిశుభ్రతకు పెట్టాలి. బొమ్మలకు ఇందులోంచి మూడు వేలు తీయించగలిగితే మీ కమిటీలో మంచి మాటకారి ఉన్నట్టే. తక్కువేగానీ ఏటా వచ్చేది కాబట్టి వదలొద్దు.

ఎంపీ నిధుల గురించి కొందరు ఆశగా అడుగుతారు. ఏడాదికి రూ.5 కోట్లు ఉంటాయి నిజమే, అవి పదికాలాలు నిలిచే కట్టడాలకు, ఆస్తులకు. గది కట్టించుకోవచ్చు. రంగు డబ్బాలు కొనలేరు.

ఇక కంపెనీలు. ఒకవైపు కృష్ణపట్నం పోర్టు, మరోవైపు చీమకుర్తి గ్రానైటు ఉన్న ప్రాంతం కాబట్టి అందరి చూపూ అటే పోతుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం నికర విలువ రూ.500 కోట్లు గానీ, టర్నోవర్ రూ.1,000 కోట్లు గానీ, నికర లాభం రూ.5 కోట్లు గానీ దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. చదువు, కళలు, హస్తకళలు ఆ జాబితాలో ఉన్నాయి. అడగడానికి హక్కుంది. కానీ మీరు ట్రస్టు ద్వారా డబ్బు తీసుకోవాలంటే దానికి ఆదాయపన్ను శాఖ దగ్గర 12ఎ (ట్రస్టుకు పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను మినహాయింపు) నమోదులు, ఇలాంటి కంపెనీ డబ్బు తీసుకోవడానికి పెట్టే సీఎస్ఆర్-1 ఫారం, మూడేళ్ల పని చరిత్ర చూస్తారు. వాళ్ల ఏడాది మార్చితో ముగుస్తుంది. ఫిబ్రవరిలో పరిగెత్తుకుంటూ పోతే మిగిలిన డబ్బు ఖర్చుపెట్టే తొందరలో స్టాండ్లు, క్యాన్వాసులు కొనిస్తారు. మా బీరువా కథ చూశారు కదా. అందుకే కంపెనీ దగ్గరికి పోతే సామాను అడగకండి. గది మరమ్మతు, గోడలకు బొమ్మలు తగిలించే చెక్క పట్టీలు, చేతులు కడుక్కునే సింకు, రెండు ఫ్యాన్లు అడగండి. ఒకసారి ఇస్తే పదేళ్లుండేవి. ఒక్కసారి వచ్చే డబ్బును ఒక్కసారి అయ్యే పనికే పెట్టాలి.

చీమకుర్తి చుట్టుపక్కల చిన్న క్వారీ యజమానులు ఈ చట్టం కిందకు రాకపోవచ్చు, అయినా ఇస్తారు. వాళ్ల దగ్గరికి కాగితాలతో కాదు, వాళ్ల ఊరి పిల్లలు గీసిన బొమ్మలతో పోండి.

నెట్‌లో విరాళాల వేదికలు, మిలాప్, కెట్టో లాంటివి. ప్రాణం మీదికొచ్చిన వైద్యానికి ముక్కూ మొహం తెలీనివాళ్లు ఇస్తారు. రంగు పెన్సిళ్లకు ఎవరిస్తారు? చివరికి ఇచ్చేది మీ వాట్సాప్‌లో ఉన్నవాళ్లే. వాళ్లను నేరుగానే అడగొచ్చు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల సంగతి జాగ్రత్తగా చూడాలి. మన నెల్లూరు, ప్రకాశం ఊళ్ల నుంచి అమెరికా, గల్ఫ్ పోయినవాళ్లు ఎందరో. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం లెక్కలోకి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే వస్తుంది, అలాంటి మనవాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డున్నా సరే. అప్పుడు అది విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదున్న సంస్థ ద్వారానే రావాలి. మన కమిటీ ఖాతాలోకి నేరుగా వేయించుకుని తర్వాత చిక్కుల్లో పడొద్దు. "నీది ఏ పాస్‌పోర్టు అన్నా?" అని అడగడం మొహమాటంగానే ఉంటుంది. అడగండి.

80జీ రసీదు అడిగేవాళ్లు కొందరుంటారు. రూ.2,000 దాటి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే లేదు. దీనికోసమే ట్రస్టు పెట్టాలనుకునేవాళ్లు ముందు దాతల్లో ఎంతమందికి అది పనికొస్తుందో కనుక్కోండి. మాకైతే ముప్పై మందిలో ఒక్కరు అడిగారు.

బొమ్మలు అమ్మి డబ్బు చేయడం. ఇది వినడానికి బావుంటుంది, నేను రెండుసార్లు చేతులు కాల్చుకున్నాను. మొదటిసారి వార్షికోత్సవంలో పిల్లల బొమ్మలు ఫ్రేము కట్టి అమ్మకానికి పెట్టాం. ఒక పాప గీసిన బర్రె బొమ్మ, ఈనిన దూడను నాకుతున్నది, రూ.500కు ఊరికొచ్చిన ఒకాయన కొనేసుకున్నాడు. చప్పట్లు కొట్టాం. సాయంత్రం ఆ పాప నా దగ్గరికొచ్చి, "సార్, అది మా బర్రె. అమ్మకానికి పెడతారని నాకు చెప్పలేదు" అంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలికయ్యేది. ఆయన కారు అప్పటికే ఒంగోలు దారి పట్టింది. ఆ రోజు నుంచి అసలు బొమ్మ పిల్లలది, అచ్చు మాత్రమే అమ్మకానికి, అదీ పిల్లలనూ ఇంటివాళ్లనూ అడిగాకే.

రెండోసారి క్యాలెండరు. పన్నెండు మంది పిల్లల బొమ్మలతో 200 కాపీలు వేయించాం. ప్రింటింగు కాపీకి రూ.60, అమ్మకం రూ.120. లెక్క ప్రకారం రూ.12,000 మిగలాలి. అమ్ముడైనవి 70. పెట్టుబడిలోనే రూ.3,600 చేతినుంచి పడింది. కారణం ఒక పెద్దావిడ చెప్పింది: "బొమ్మలు బాగుండాయి నాయనా, రావుకాలం ఏదీ, తిథేదీ?" తెలుగింట్లో క్యాలెండరు అంటే పంచాంగం. దుర్ముహూర్తం లేని క్యాలెండరు గోడకెక్కదు. మరుసటేడు పెళ్లి కార్డులు వేసే ప్రెస్సాయన తిథులు, నక్షత్రాలు, పండగలు అన్నీ సర్ది ఇచ్చాడు. డిసెంబరు పదికల్లా చేతికొచ్చేలా చేశాం. 200 అయిపోయాయి. జనవరిలో వచ్చిన క్యాలెండరు ఎవరికీ అక్కర్లేదు, గుర్తుంచుకోండి. గ్రీటింగు కార్డులు మాత్రం వేయొద్దు, వాట్సాప్ వాటిని మింగేసింది.

ధనుర్మాసంలో బడి ఆవరణలో ముగ్గుల పోటీ పెట్టడం మంచి ఉపాయం. ప్రవేశం రూ.50, బహుమతులు ఊరి చీరల కొట్టాయన ఇస్తాడు. సంక్రాంతి సెలవులు మొదలవకముందే చేయాలి. మూడు నాలుగు వేలొస్తాయి, అంతకు మించి తల్లులు బళ్లోకి వస్తారు. చుక్కలు పెట్టి మెలికల ముగ్గు తిప్పే అమ్మ తన కూతురికి "నాకు బొమ్మలు రావు" అని ఇక చెప్పలేదు.

చివరిగా, నాకు అన్నిటికన్నా నమ్మకమైనది: టెన్త్ బ్యాచ్. ఏ ఊళ్లో చూసినా ఇప్పుడు పాతికేళ్ల తర్వాత కలుసుకునే ఆత్మీయ సమ్మేళనాలే. ఒక రోజు భోజనాలకు, టీషర్టులకు, డీజేకు వాళ్లు పెట్టే ఖర్చులో పదో వంతు చాలు మనకు. కాకపోతే అడగడంలో కిటుకుంది. "బడికి ఏదన్నా ఇవ్వండి" అంటే బీరువా కొనిస్తారు. మేం ఇలా అడిగాం: "ఒక పిల్లవాడికి ఏడాది బొమ్మల ఖర్చు రూ.183. మీరు అరవై మంది ఉన్నారు. తలా ఒక పిల్లవాణ్ణి తీసుకోండి, ఐదేళ్లు." రూ.183 అన్న అంకె వాళ్లకు నచ్చింది. గుండ్రంగా రెండొందలు అనుంటే చందా అనుకునేవాళ్లు. ఇది కొట్టు బిల్లు లాగా ఉంది, నిజంగానే లెక్కేశారని నమ్మకం కుదిరింది. మూడేళ్లయింది. పది పన్నెండు మంది జారిపోయారు, వాళ్ల వాటా మిగతావాళ్లే సర్దుకున్నారు.

డబ్బు ఎవరిదైనా కమిటీ ఖాతాలోనే పడాలి. తీర్మానం, రసీదు పుస్తకం, స్టాకు రిజిస్టరు మూడూ ఉండాలి. నా ఫోన్‌పేకి వేయండి అని ఎంత మంచి మాస్టారు అన్నా ఒప్పుకోకండి. నేను అన్నా కూడా.

మీది ఏ బడి

యాభై మంది లోపు పిల్లలున్న ప్రైమరీ బడికి వసూళ్లే వద్దు. గ్రాంటులో రెండు వేలు, పలకలు, బంకమట్టి, వేప పుల్లలు, ముగ్గుపిండి చాలు. రెండొందల మంది ఉన్న పల్లె హైస్కూలుకు: ఉన్న టీచరుకు శిక్షణ, టెన్త్ బ్యాచ్ డబ్బు, ఏడాదికి మూడు పూటలు ఊరి పనివాళ్లు. టౌన్లో పెద్ద బడికి: విద్యాంజలిలో వాలంటీరు, కంపెనీ నుంచి గది, క్యాలెండరు. సొంత మాస్టారును పెట్టుకునే ఆలోచన ఉంటే మూడేళ్ల డబ్బు బ్యాంకులో పడ్డాకే మాట్లాడండి.

శనివారాలు పుస్తకాల సంచి లేకుండా బడికొచ్చే రోజు ఉంటే బొమ్మల పీరియడ్ అక్కడ పెట్టించండి. గణితం మాస్టారు దాన్ని అప్పడగడానికి రాడు.

ఇంకొకటి, సామాను బీరువాలో పెట్టొద్దు. మేం ఇప్పుడు ఏప్రిల్ ఆఖరి పనిదినం రోజు మిగిలిన పేస్టల్ ముక్కలు, సగం గీసిన కాగితాలు, బ్రష్షులు అన్నీ పిల్లలకే పంచి ఇంటికి పంపేస్తున్నాం. వేసవంతా వాళ్ల అరుగుల మీద, గోడల మీద అవి అయిపోతాయి. తల్లులు ఒకరిద్దరు గోడ సంగతి నాతో తగువేసుకున్నారు. జూన్‌లో మళ్లీ 30 డబ్బాలు కొనాలి కాబట్టి, ఆ చిట్టా మార్చి నెలలోనే ధరలతో సహా బ్యాచ్ గ్రూపులో పెడతాను. నిరుడు అందరికన్నా ముందు డబ్బు వేసింది దుబాయిలో క్రేన్ నడిపే ఒకాయన. కింద ఒక ముక్క రాశాడు: "సార్, ఈసారి నల్ల రంగు రెండు ఎక్కువ కొనండి, మా కాలంలో అదే చాల్లేదు."